మూడవ దెబ్బ

డ్రమ్ కిట్ నేర్చుకొను యువకులకు ట్రిప్లెట్ ఫిల్ మీదనున్నంత మోహము మఱి దేనిమీదను కానరాదు. పాటలో పల్లవి ముగిసి చరణము మొదలగు సంధిలో, అంతవఱకు నిలుకడగా నడచుచున్న తాళమును క్షణకాలము విడిచి, స్నేర్ నుండి టామ్‌ల మీదుగా ఫ్లోర్ టామ్ వఱకు లెక్కకు మూడేసి దెబ్బలతో దిగివచ్చు ఆ ధ్వనిధార వినువారికి ఉల్లాసమును, వాయించువానికి చప్పట్లను సంపాదించిపెట్టును గనుక ఈ మోహము సహజమే. నా అభ్యంతరమెల్ల దానిని నేర్పు క్రమమును గూర్చియే. చేతుల వేగమే విద్యయని భ్రమించి, పాదమునకు చెందిన దెబ్బను ఉపేక్షించుట అభిలషణీయము కాదు.

లెక్క మీద ఒకటి, ఆ లెక్కకును తరువాతి లెక్కకును నడుమ సమానమైన ఎడములతో రెండు: ట్రిప్లెట్ అనగా ఇంతే, మన తిస్రగతియు నిదియే. కుడి ఎడమ చేతులను మార్చి మార్చి వాయించినచో మొదటి లెక్క కుడిచేతికిని, రెండవది ఎడమచేతికిని వచ్చును. ఎడమచేయి దుర్బలమైన విద్యార్థికి ఒక లెక్క విడిచి ఒక లెక్క కుంటుపడుట ఇందువలననే. కుడిచేయి, ఎడమచేయి, పాదము అను వరుసను పట్టినచో ప్రతి లెక్కయు కుడిచేతికే దక్కి ఆ చిక్కు తీరును గాని, భారమంతయు బేస్ డ్రమ్ పెడల్ మీద పడును. అప్పుడు చేతులు తొందరపడి, రెండు పొట్టి దెబ్బలును వాటి వెనుక ఒక పొడుగు దెబ్బయు వినవచ్చును. పాపము, విద్యార్థి తిస్రమనుకొనుచునే చతురశ్రమును వాయించుచుండును!

ఈ వరుసకు లోకప్రసిద్ధిని తెచ్చినవారిలో అగ్రగణ్యుడు లెడ్ జెప్పెలిన్ బృందమునకు చెందిన ఆంగ్లేయుడు జాన్ బోనమ్. 1969లో వెలువడిన వారి తొలి ఆల్బమ్‌లోని మొదటి పాట ‘గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్’లో ఆయన ఒక్క పెడల్‌తోనే వేసిన తిస్రపు దెబ్బలను విని, రెండు బేస్ డ్రమ్‌లున్నవని భ్రమపడినవారు పెక్కుమంది. అప్పటికి ఆయనకు ఇరువదియేండ్లే. తరువాతి కాలమున ఆయన వాడిన 26 అంగుళముల బేస్ డ్రమ్ సామాన్యపు కాలికి లొంగునది కాదు. ఆయనను అనుకరించువారు చేతులను చూచెదరే గాని ఆ పాదమును చూడరు.

మనకు చేతిలోనున్న ఉపాయమును మనమే మఱచుట వింతగానున్నది. మృదంగవిద్యార్థి జతిని నోట పలికిన పిమ్మటనే వేళ్లతో పలికించును. డ్రమ్ కిట్ విద్యార్థియు స్టిక్ పట్టుటకు ముందు, మెట్రోనోమ్‌ను నిమిషమునకు 60 లెక్కల యొద్ద నిలిపి, చేత తాళము వేయుచు ‘తకధిమి’ నుండి ‘తకిట’కును, ‘తకిట’ నుండి ‘తకధిమి’కిని కాలప్రమాణము చెదరకుండ రాకపోకలు సాగింపవలెను. పాశ్చాత్యవాద్యమునకు మన జతులేల యని కొందఱడుగవచ్చును. పాశ్చాత్య గురువులును ‘వన్ ట్రిప్ లెట్’ అని నోట చెప్పించువారే. మన జతులు పలుకుటకు మఱింత సుఖముగా నుండును, అంతే భేదము.

ఇక అసలు పరీక్ష ఫిల్‌లో కాదు, ఫిల్ ముగిసి సమము మీదికి దిగుటలో నున్నది. చివరి త్రయములోని మూడవ దెబ్బ పాదముది. వెంటనే వచ్చు సమము మీద క్రాష్ తాళముతో కలిసి మ్రోగవలసిన బేస్ డ్రమ్ దెబ్బయు ఆ పాదముదే. అనగా కాలు వెనువెంటనే రెండు దెబ్బలు వేయవలెను. నిమిషమునకు 120 లెక్కల పాటలో ఆ రెంటి నడుమ ఎడము సెకనులో ఆఱవవంతు మాత్రమే. ఎన్నో ఫిల్‌లు సలక్షణముగా నడచి ఇక్కడనే జారిపడును. కావున గురువులు ఫిల్‌ను తుదినుండి నేర్పుట మేలని నా అభిప్రాయము: మొదట చివరి త్రయమును, దాని వెంట సమమును మాత్రమే సాధింపజేసి, అది కుదురుకొన్న పిమ్మట ముందు ఒక త్రయమును, ఆపై మఱియొకదానిని చేర్చుచు పోవలెను. ఫిల్ ముగిసిన ప్రతిసారియు నాలుగు ఆవృత్తముల సాదా తాళమును వాయింపజేసి, కాలప్రమాణము మెట్రోనోమ్‌తో ఇంకను కలిసియున్నదో లేదో విననిచ్చిన తరువాతనే రెండవసారి ఫిల్‌కు అనుమతింపవలెను.