తాళం పగలగొట్టడం మరమ్మతు కాదు

ఒక ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. ఒకటి ముందుగదిలో బల్లమీద ఉండేది. రెండోది అక్క కాలేజీకి తీసుకువెళ్ళే ల్యాప్‌టాపు. రెండింటికీ వైఫై ఉంది. ముందుగది కంప్యూటరులోని ఫోటోలను ల్యాప్‌టాపులో చూడాలి. ఫోటోలున్న ఫోల్డరును ‘షేర్’ చేశారు. అయినా ల్యాప్‌టాపు తెరమీద ఆ కంప్యూటరు పేరే కనిపించదు. కనిపించినా, తెరవబోతే ప్రవేశం లేదంటుంది. మీలో చాలామందికి ఇది అనుభవమే అయివుంటుంది.

అప్పుడు సాధారణంగా ఏం చేస్తారు? మూడు చిట్కాలు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది, అన్నీ ఆపి మళ్ళీ వెయ్యడం. రెండోది, ఫైర్‌వాల్ అనే రక్షణను పూర్తిగా తీసెయ్యడం. మూడోది, ఫోల్డరును ‘అందరికీ, అన్ని హక్కులతో’ తెరిచిపెట్టి, పాస్‌వర్డు అడగవద్దని కంప్యూటరుకు చెప్పడం. వీటిలో ఏదో ఒకటి చేశాక ఒక్కొక్కసారి ఫైలు వస్తుంది కూడా. “హమ్మయ్య, బాగైంది!” అనుకుంటారు.

నిజంగా బాగైందా? కాలేదని నా అభిప్రాయం. తాళం తెరుచుకోకపోతే తాళంచెవి సరైనదేనా అని చూస్తాం. అంతేగాని తాళం పగలగొట్టి, “ఇక తలుపుతో ఇబ్బంది లేదు” అని సంతోషించం. మొదటి చిట్కా వల్ల నష్టం లేదు. కాని దానివల్ల మనం నేర్చుకునేదీ లేదు. మిగిలిన రెండూ నష్టం కలిగించేవే. దోషం ఎక్కడుందో తెలుసుకున్న తరువాతే చెయ్యి వెయ్యాలి, ఆ ఒక్కచోటే వెయ్యాలి. ఈ పని హైస్కూలు విద్యార్థులు ఎవరైనా చెయ్యగలరు.

సైకిలు షాపులో పాఠం

ట్యూబులో గాలి నిలవకపోతే సైకిలు షాపు మనిషి ఏం చేస్తాడు? ట్యూబు అంతటికీ అతుకులు వెయ్యడు. గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి, కొంచెం కొంచెంగా తిప్పుతూ చూస్తాడు. బుడగలు వచ్చిన చోటే పంక్చరు. అక్కడే అతుకు వేస్తాడు. దోషాన్ని వెదకడం, దోషాన్ని సవరించడం అనేవి రెండు వేర్వేరు పనులనీ, వెదకడం ముందనీ అతనికి తెలుసు.

కంప్యూటరు దగ్గర మనకు కావలసింది కూడా ఇలాంటి నీళ్ళ తొట్టే. ముందుగా, ఒక కంప్యూటరు నుంచి రెండో కంప్యూటరుకు ఫైలు ఎలా వెళుతుందో తెలియాలి. దారిలో ముఖ్యంగా అయిదు మెట్లున్నాయి. విండోస్ కంప్యూటర్లను దృష్టిలో పెట్టుకొని వీటిని చూద్దాం.

అయిదు మెట్లు

మొదటి మెట్టు, చిరునామా. నెట్‌వర్కులోని ప్రతి కంప్యూటరుకూ అంకెల చిరునామా ఒకటి ఉంటుంది. దీన్ని ఐపి అడ్రసు అంటారు. ఇళ్ళలో ఇది ఎక్కువగా 192.168 తో మొదలవుతుంది. ఇళ్ళూ ఆఫీసులూ లోపల వాడుకోవడానికి ఈ అంకెలను 1990లలో విడిగా కేటాయించారు. అందువల్ల మీ ఇంట్లోని 192.168.1.5 పక్కింట్లో కూడా ఉండవచ్చు, తగాదా రాదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపికాన్ఫిగ్’ అనే ఆదేశం ఇస్తే ఆ కంప్యూటరు చిరునామా కనిపిస్తుంది.

రెండు కంప్యూటర్లలోనూ ఈ అంకెలు చూసి రాసుకోండి. ఇళ్ళలో సాధారణంగా మొదటి మూడు సంఖ్యలు రెండింటికీ ఒకటిగా ఉండాలి. ఒకటి 192.168.1.5, రెండోది 192.168.0.7 అని ఉంటే, ఇంట్లో రెండు రౌటర్లు ఉండి, ఒక్కో కంప్యూటరు ఒక్కోదాన్ని పట్టుకొని ఉండవచ్చు. చిరునామా 169.254 తో మొదలైతే రౌటరు నుంచి చిరునామా అందలేదని, కంప్యూటరు తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. మరో సంగతి కూడా ఉంది. కొన్ని రౌటర్లలో చుట్టాల కోసం వేరే పేరుతో వైఫై ఉంటుంది. అందులో చేరినవారికి ఇంటర్నెట్టు వస్తుంది గాని ఇంట్లోని ఇతర కంప్యూటర్లు అందవు. అది దోషం కాదు, కావాలని చేసిన ఏర్పాటు.

రెండో మెట్టు, పేరు. మనం కంప్యూటరును పేరుతో పిలుస్తాం. యంత్రానికి కావలసింది అంకెలు. పేరును అంకెలుగా మార్చే ఏర్పాటు తడబడితే, కంప్యూటరు ఎదురుగానే ఉన్నా “దొరకలేదు” అంటుంది.

మూడో మెట్టు, ద్వారం. ఒకే చిరునామాకు వచ్చే పనులు అనేకం. ఏ పనికి ఏ ద్వారమో నంబర్లతో గుర్తిస్తారు. వీటికే పోర్టులని పేరు. విండోస్‌లో ఫైళ్ళ పంపకం ఎస్.ఎం.బి. అనే పద్ధతిలో జరుగుతుంది. దాని మూలం 1980లలో ఐ.బి.ఎం. కంపెనీలో పుట్టింది. ఇప్పుడు దాని ద్వారం నంబరు 445. ఈ ద్వారాలకు కాపలాదారు ఫైర్‌వాల్.

నాలుగో మెట్టు, గుర్తింపు. “నువ్వెవరు?” అని అవతలి కంప్యూటరు అడుగుతుంది. ఇక్కడ చాలామంది పొరపడతారు. ఫోల్డరు ఏ కంప్యూటరులో ఉందో, ఆ కంప్యూటరుకు తెలిసిన పేరూ పాస్‌వర్డూ ఇవ్వాలి. మన కంప్యూటరుది ఇస్తే చెల్లదు. రోజూ కంప్యూటరు తెరవడానికి నొక్కే పిన్ అంకెలు కూడా ఇక్కడ పనికిరావు. పిన్ ఆ యంత్రం ఎదుట కూర్చున్నవారికి మాత్రమే. పాస్‌వర్డు లేని ఖాతానైతే, మామూలు అమరికలో విండోస్ బయటినుంచి రానివ్వదు.

అయిదో మెట్టు, అనుమతి. మీరెవరో తెలిసినా, ఆ ఫోల్డరు చూడడానికి మీకు హక్కు ఉండాలి. విండోస్‌లో ఈ హక్కులు రెండుచోట్ల రాసి ఉంటాయి: షేరింగ్ దగ్గర ఒకటి, ఫోల్డరు భద్రత దగ్గర ఒకటి. రెండింటిలో ఏది కఠినంగా ఉంటే అదే చెల్లుతుంది. కనుక ఒకచోట అనుమతించి, రెండోచోట మరచిపోతే తలుపు మూసే ఉంటుంది.

ఎక్కడ ఆగింది?

అయిదు మెట్లనూ మొదటినుంచి చివరిదాకా చూడనక్కరలేదు. ఒక్క పరీక్షతో రెండు మూడు మెట్ల సంగతి తేలిపోయే ఉపాయాలున్నాయి.

పేరు వదిలేసి చిరునామాతోనే పిలిచి చూడండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైభాగంలోని గడిలో రెండు బ్యాక్‌స్లాష్ గీతలు పెట్టి, పక్కనే అవతలి కంప్యూటరు అంకెలు రాసి, ఎంటర్ నొక్కండి. ఫోల్డరు తెరుచుకుందా? అయితే దోషమంతా రెండో మెట్టులోనే ఉంది. ఫైర్‌వాల్ జోలికీ, పాస్‌వర్డు జోలికీ పోనక్కరలేదు. పాస్‌వర్డు అడిగిందా? అది శుభవార్త. మూడు మెట్లు దాటి నాలుగోదానిమీద నిలబడ్డారన్నమాట. పాస్‌వర్డు ఒప్పుకొని, ఫోల్డరుకు ప్రవేశం లేదన్నదా? ఇక మిగిలింది అయిదో మెట్టే. “దారి దొరకలేదు” అనడానికీ, “ప్రవేశం లేదు” అనడానికీ ఎంత తేడా ఉందో చూశారా! మొదటిది వీధిలో వినిపించిన మాట. రెండోది గడపలో వినిపించిన మాట.

అసలు ఏమీ జరగకపోతే ‘పింగ్’ అనే చిన్న పరీక్ష ఉంది. మైక్ మూస్ అనే అమెరికన్ 1983లో దీన్ని తయారుచేశాడు. జలాంతర్గాములను కనిపెట్టే సోనార్ ధ్వనిని బట్టి దీనికి ఆ పేరు పెట్టాడు. ఒక కంప్యూటరు చిరునామాకు చిన్న సందేశం పంపి, జవాబు ఎంతసేపటికి వచ్చిందో చెబుతుంది. జవాబు వస్తే దారి బాగున్నట్టే. రాకపోతే? అవతల కంప్యూటరు లేదని వెంటనే తీర్మానించకూడదు. ఫైర్‌వాల్ పింగ్‌కు జవాబివ్వనివ్వకపోవచ్చు. పిలిస్తే పలకనంతమాత్రాన ఇంట్లో మనిషి లేడని చెప్పలేం కదా!

ఈ పరీక్షలన్నిటికీ ఒకే నియమం: ఒకసారి ఒకే మార్పు. మొక్కకు వెలుతురు కావాలా అని తెలుసుకోవడానికి రెండు కుండీలలో చిక్కుడు గింజలు నాటినప్పుడు మీరు ఏం చేస్తారు? మట్టీ, నీరూ సమానంగా ఉంచి, వెలుతురు ఒక్కదాన్నే మారుస్తారు. ఇక్కడా అంతే. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే, ఏది పనిచేసిందో తెలియదు. తిరిగి యథాస్థితికి తేవడమూ తెలియదు. ఏం చేశారో, ఏం జరిగిందో నోటుపుస్తకంలో రాసుకోండి. అన్నీ ఆపి మళ్ళీ వేసేముందు కూడా పాత చిరునామా రాసుకోండి. తరువాత అది మారిందని కనిపిస్తే, ‘ఆపి వెయ్యడం’ ఎందుకు పనిచేసిందో బహుశా అక్కడే తెలుస్తుంది.

2017 మే 12

“ఫైర్‌వాల్ తీసేస్తే ఒక్క నిమిషంలో అయిపోయే పనికి ఇంత శ్రమ ఎందుకు?” అని మీరు అడగవచ్చు. దానికి చరిత్రే జవాబు చెబుతుంది.

2017 మే 12న ‘వాన్నాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచంమీద పడింది. ఎస్.ఎం.బి. పద్ధతిలోని పాత మొదటి రూపాన్ని విండోస్ నిర్వహించే తీరులో ఉన్న లోపమే దానికి ప్రవేశమార్గం. అది 445వ ద్వారం తెరిచి ఉన్న కంప్యూటర్లను వెదుక్కుంటూ, ఎవరూ ఏమీ నొక్కకుండానే ఒకదాన్నుంచి మరొకదానికి పాకింది. చొరబడిన చోటల్లా ఫైళ్ళను ఎవరూ చదవలేని రహస్యలిపిలోకి మార్చి, తిరిగి కావాలంటే డబ్బు కట్టమంది. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల పని స్తంభించి, రోగులకు ఇచ్చిన వేలాది అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి.

ఇందులో విచారించవలసిన విషయం మరొకటి ఉంది. ఆ లోపాన్ని సరిచేసే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసింది. వేసుకోనివారు నష్టపోయారు. ఆ ఏడాది చివరి నుంచి వచ్చిన విండోస్ 10లో పాత ఎస్.ఎం.బి. మొదటి రూపాన్ని మామూలుగా అమర్చడం మానేశారు. అయినా పాత పరికరం ఏదైనా కలవకపోతే, “ఆ పాతదాన్ని తిరిగి ఆన్ చెయ్యి” అని సలహా ఇచ్చేవారు ఇంకా ఉన్నారు. నన్నడిగితే, అలాంటి పరికరం నుంచి ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లో మోసుకురావడమే మేలు. నాలుగడుగులు నడిస్తే పోయేదేమీ లేదు.

“మన ఇంట్లోకి ఎవరొస్తారు?”

చాలామంది అనే మాట ఇది. ఇంట్లో రౌటరు ఉన్నందువల్ల బయటివారు నేరుగా లోపలి కంప్యూటర్లను తాకడం కష్టమే. ఆ మాట నిజం. కాని ల్యాప్‌టాపు ఇంట్లోనే ఉండదు. రైల్వే స్టేషనులో, హాస్టలులో, కాలేజీలో ఇతరుల వైఫైలో చేరుతుంది. ఇంట్లో తీసేసిన కాపలా అక్కడా ఉండదు. అక్కడ పట్టుకున్న జబ్బును ఇంటికి తెస్తే, ‘అందరికీ, అన్ని హక్కులతో’ తెరిచిన ఫోల్డరు దానికి సిద్ధంగా ఉంటుంది. అందులో ఉండేవి ఏమిటి? పెళ్ళి ఫోటోలు, పొలం కాగితాల నకళ్ళు, అన్నయ్య ప్రాజెక్టు. డబ్బు పెట్టి మళ్ళీ కొనుక్కునేవి కావవి.

సరైన మార్గం కష్టమైనదేమీ కాదు. ఇంటి వైఫైని మాత్రమే విండోస్‌లో ‘ప్రైవేట్’ నెట్‌వర్కుగా గుర్తించి, అందులో ఫైల్ షేరింగ్‌ను అనుమతించండి. బయటి వైఫైలన్నీ ‘పబ్లిక్’గానే ఉండాలి. అప్పుడు కాపలాదారు మనవారిని రానిస్తాడు, ఇతరులను ఆపుతాడు. మొత్తం డిస్కును కాక, అవసరమైన ఒక్క ఫోల్డరునే షేర్ చెయ్యండి. చూడడానికే అయితే చదివే హక్కు చాలు. చెరిపే హక్కు ఎందుకు? పాస్‌వర్డు ఉంచండి. విలువైన ఫైళ్ళ నకలు వేరే డిస్కులో దాచి, ఆ డిస్కును కంప్యూటరు నుంచి విడదీసి పెట్టండి.

తప్పంతా వాడేవారిదే అనడం మాత్రం న్యాయం కాదు. ఈ వ్యవస్థలు తయారుచేసేవారు అయిదు మెట్లలో ఏది విరిగినా ఇంచుమించు ఒకేరకం సందేశం, పక్కన అర్థంకాని అంకెల సంకేతం చూపించి ఊరుకుంటారు. “నీ పాస్‌వర్డు సరే, ఫోల్డరుకే అనుమతి లేదు” అని విడమరచి చెబితే, ఎవరూ ఫైర్‌వాల్‌మీద చెయ్యి వెయ్యరు. మీలో కొందరు రేపు ఇలాంటి ప్రోగ్రాములు రాసేవారవుతారు. అప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

కంప్యూటరు మొరాయించినప్పుడు ఇంట్లో పెద్దలు మిమ్మల్నే పిలుస్తున్నారు. అది గౌరవమే కాదు, బాధ్యత కూడా. ఈసారి పిలిచినప్పుడు చిట్కాల కోసం వెదకకండి. రెండు చిరునామాలు రాసుకోండి. అంకెలతో పిలిచి చూడండి. ఎక్కడ ఆగిందో కనుక్కొని, అక్కడే సవరించండి. ఫైలు వచ్చాక, అది ఎందుకు రాలేదో, ఇప్పుడు ఎందుకు వచ్చిందో ఇంట్లోవారికి వివరించండి. వివరించగలిగితేనే మరమ్మతు పూర్తయినట్టు.