ఒకే బంతి, అయిదుగురు రారాజులు

జోర్డాన్ సేనను ఓడించాలంటే పెద్ద పేర్లు చాలవు. స్కోరు కార్డులోకి ఎక్కని పని చేసేవాళ్లు కావాలి

1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు ఎనిమిది మ్యాచ్‌లు ఆడి ఎనిమిదీ గెలిచింది. సగటు ఆధిక్యం దాదాపు 44 పాయింట్లు. ఫైనల్లో క్రొయేషియాను 117-85తో చిత్తు చేసింది. టోర్నీ మొత్తంలో కోచ్ చక్ డేలీ ఒక్క టైమౌట్ కూడా తీసుకోలేదు. ఆ అవసరమే రాలేదు. మైకేల్ జోర్డాన్, మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్, చార్లెస్ బార్క్లీ ఒకే జెర్సీ తొడుక్కుంటే కోచ్‌కు పనేముంటుంది?

ఆ 'డ్రీమ్ టీమ్'ను ఓడించే జట్టు ఏది? బాస్కెట్‌బాల్ అభిమానులు మూడు దశాబ్దాలుగా విసుగు లేకుండా తేల్చుకుంటున్న పంచాయితీ ఇది. గవాస్కర్, కపిల్, సచిన్‌లతో మనం ఆల్‌టైమ్ ఎలెవన్ రాసుకుని వాదులాడుకున్నట్టే. షరతు ఒక్కటే. బార్సిలోనా వెళ్లిన ఆ పన్నెండు మందిని ముట్టుకోకూడదు. మిగతా చరిత్రంతా మీదే, ఎవరినైనా ఏరుకోండి.

చాలామంది అత్యధిక పాయింట్ల జాబితా ముందేసుకుని కూర్చుంటారు. లెబ్రాన్ జేమ్స్, కరీమ్ అబ్దుల్ జబ్బార్, 2006లో ఒకే మ్యాచ్‌లో 81 పాయింట్లు కొట్టిన కోబీ బ్రయంట్, 1962లో 100 కొట్టిన విల్ట్ చాంబర్లేన్, కెవిన్ డ్యురాంట్. జట్టు సిద్ధం. క్రికెట్‌లో ఈ పద్ధతి కొంతవరకు చెల్లుతుంది. ఒక ఎండ్‌లో ద్రవిడ్ పాతుకుపోయినంత మాత్రాన రెండో ఎండ్‌లో సచిన్ బ్యాటు చిన్నదైపోదు. బాస్కెట్‌బాల్‌లో అలా కాదు. బంతి ఒక్కటే. అది ఒకరి దగ్గరుంటే మిగతా నలుగురి చేతులూ ఖాళీ. ఆ ఖాళీ చేతులతో ఎవరేం చేస్తారన్నదే జట్టు తలరాతను నిర్ణయిస్తుంది.

ఇది ఉత్త సిద్ధాంతం కాదు. 2004 ఏథెన్స్‌కు అమెరికా పంపిన జట్టులో టిమ్ డంకన్, అలెన్ ఐవర్సన్, కుర్రాళ్లు లెబ్రాన్, డ్వేన్ వేడ్ ఉన్నారు. మొదటి మ్యాచ్‌లోనే ప్యూర్టోరికో 92-73తో మట్టికరిపించింది. తర్వాత లిథువేనియా ఓడించింది. సెమీ ఫైనల్లో మాను జినోబిలీ అర్జెంటీనా 89-81తో ఇంటిదారి చూపింది. అంతకుముందు ఒలింపిక్ చరిత్ర మొత్తంలో అమెరికా పురుషుల జట్టు ఓడింది రెండుసార్లే, 1972లోనూ 1988లోనూ. ఏథెన్స్‌లో పదిహేను రోజుల్లో మూడుసార్లు ఓడి కాంస్యంతో సరిపెట్టుకుంది. అర్జెంటీనా స్వర్ణం పట్టుకెళ్లింది. వాళ్ల పేర్లు చిన్నవే, కానీ ఏళ్ల తరబడి కలిసి ఆడినవాళ్లు.

అందుకే డ్రీమ్ టీమ్ మీదికి పంపే జట్టును పేర్లతో కాక పనులతో మొదలుపెట్టాలి. ఎదుట మ్యాజిక్, జోర్డాన్, స్కాటీ పిపెన్, బార్క్లీ, ప్యాట్రిక్ యూయింగ్ నిలబడ్డారనుకుందాం. మొదటి పని జోర్డాన్‌ను కట్టడి చేయడం. అభిమానుల జాబితాల్లో అరుదుగా కనిపించే పేరు ఇక్కడ రాయాలి: జో డుమార్స్.

ఆరడుగుల మూడంగుళాల మనిషి, మితభాషి. డెట్రాయిట్ పిస్టన్స్ 1988, 1989, 1990 ప్లేఆఫ్స్‌లో వరసగా మూడేళ్లు జోర్డాన్ జట్టు షికాగో బుల్స్‌ను ఇంటికి పంపింది. జోర్డాన్‌ను అడ్డుకోవడానికి పిస్టన్స్ తయారు చేసుకున్న వ్యూహానికి 'జోర్డాన్ రూల్స్' అనే పేరే స్థిరపడింది. అందులో ముందువరుస కాపలాదారు డుమార్స్. ఆ పిస్టన్స్ కోచ్ ఎవరనుకున్నారు? చక్ డేలీయే. అంటే బార్సిలోనాలో జోర్డాన్‌ను నడిపించిన మనిషికి, జోర్డాన్‌ను ఆపాలంటే ఎవరు కావాలో అందరికన్నా బాగా తెలుసు. 1991లో బుల్స్ పిస్టన్స్‌ను 4-0తో ఊడ్చేసిన మాటా నిజమే. జోర్డాన్‌ను ఎవరూ శాశ్వతంగా ఆపలేరు. ఒక సాయంత్రం ఆలస్యం చేయగలిగితే చాలు.

రెండో పని, మ్యాజిక్‌కు ఎదురు నిలవడం. ఆరడుగుల తొమ్మిదంగుళాల ఎత్తుతో ఆటను నడిపే మ్యాజిక్‌కు అదే ఎత్తున్న లెబ్రానే సమాధానం. 40,000 పాయింట్లు దాటిన తొలి ఆటగాడే అయినా ఈ జట్టుకు కావలసింది అతని పాయింట్లు కాదు. 10,000 దాటిన అతని అసిస్టులు. మూడోవాడు టిమ్ డంకన్. అయిదు టైటిళ్లు గెలిచీ హడావుడి ఎరగని మనిషి, బార్క్లీ కండబలానికి విరుగుడు. ఏథెన్స్‌లో ఓడినవాళ్లలో లెబ్రాన్, డంకన్ లేరా అంటారేమో. ఉన్నారు. లోపం మనుషుల్లో కాదు, వాళ్ల కూర్పులో ఉందనడానికి అంతకన్నా రుజువేం కావాలి?

నాలుగోవాడు స్టెఫెన్ కర్రీ. 1992 జట్టు ఎదుర్కోని ఆయుధం ఇది. 2024 పారిస్ ఫైనల్లో ఫ్రాన్స్ మీద ఎనిమిది త్రీ పాయింటర్లు వేస్తే, అందులో నాలుగు చివరి మూడు నిమిషాల్లోనివే. పైగా బార్సిలోనాలో మూడు పాయింట్ల గీత 6.25 మీటర్ల దూరంలోనే ఉండేది, ఎన్‌బీఏ గీతకన్నా దాదాపు మీటరు దగ్గర. అయితే చిక్కూ అతనితోనే. లెబ్రాన్ మ్యాజిక్ దగ్గరా, డుమార్స్ జోర్డాన్ దగ్గరా ఉంటే ఆరడుగుల ఎనిమిదంగుళాల పిపెన్ కర్రీ వంతుకే వస్తాడు. ఆ తలుపు తెరుచుకోక మానదు. తెరుచుకున్న తలుపు వెనక ఎవరున్నారన్నదే ప్రశ్న.

బిల్ రసెల్ ఉంటాడు. బోస్టన్ సెల్టిక్స్ తరఫున 13 సీజన్లలో 11 టైటిళ్లు. మ్యాచ్‌కు సగటున 15 పాయింట్లే, కానీ 22కు పైగా రీబౌండ్లు. 1961-62 సీజన్లో మ్యాచ్‌కు 50 పాయింట్ల సగటు సాధించిన చాంబర్లేన్‌కు కెరీర్ మొత్తంలో దక్కిన టైటిళ్లు రెండే. రసెల్ ఆడిన 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ జట్టు సగటు ఆధిక్యం 50 పాయింట్లు దాటింది. డ్రీమ్ టీమ్ కన్నా ఎక్కువ. అయినా ఈ జట్టును కలల జట్టని ఎవరూ అనరు.

కారణం ఉంది. రసెల్ గొప్పతనమంతా ప్రత్యర్థి షాట్లను గాలిలోనే అడ్డుకోవడంలో ఉంది. ఎన్‌బీఏ ఆ బ్లాకులను లెక్కించడం మొదలుపెట్టింది 1973-74 సీజన్లో. రసెల్ రిటైరైంది 1969లో. అతను అత్యుత్తమంగా చేసిన పనికి అధికారిక అంకె అన్నదే లేదు. డుమార్స్ దారి కాచాడని జోర్డాన్ వేయకుండా వదిలేసిన షాట్లు కూడా ఏ కార్డులోనూ ఉండవు. ఆల్‌టైమ్ జట్లు రాసేటప్పుడు మనం చరిత్రను చూస్తున్నామనుకుంటాం. నిజానికి చూసేది లెక్కలో పడినదాన్నే. మిగతాది ఆడినవాళ్లకు తెలుసు, ఓడినవాళ్లకు ఇంకా బాగా తెలుసు.

కరీమ్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి, కోబీని పక్కనపెట్టి, డుమార్స్‌ను దించినందుకు కోపం రావచ్చు. రావాలి కూడా. ఈ ఆటకు అందం అదే. ఏడు మ్యాచ్‌ల సిరీస్ పెడితే చివరికి జోర్డాన్ ఏదో ఒక దారి వెతుక్కుంటాడని ఒప్పుకుందాం. కానీ ఒక్క మ్యాచే అయితే మొగ్గు ఈ అయిదుగురి వైపే. కనీసం చక్ డేలీ చేత ఒక టైమౌట్ అయినా అడిగించి తీరతారు.