క్షేత్రమే క్షేత్రజ్ఞుడా?

చల్లపల్లిలో పెండ్లిపందిళ్ల క్రిందను, పురాణ కాలక్షేపములలోను ఈ నడుమ నొక మాట వినుచున్నాము. మెదడు చుట్టును విద్యుదయస్కాంత క్షేత్రము కలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరట. గీతలోని క్షేత్రము అదియేనట. కావున ఆత్మ రుజువైనదట!

ఇట్లనువారు గీత పదుమూడవ అధ్యాయమును విప్పి చూచినట్లు లేదు. అందు క్షేత్రమనగా శరీరము. ఇచ్ఛాద్వేషములు, సుఖదుఃఖములు, తుదకు చేతన సయితము క్షేత్రములోనే లెక్కింపబడినవి. తెలియబడునది క్షేత్రము, తెలిసికొనువాడు వేఱు. యంత్రమునకు చిక్కినదానిని ఆత్మయనుట వేదాంతమును తలక్రిందులు చేయుటయే.

ఉత్తరమునకు తలపెట్టి పండుకొనరాదను ఆచారమునకును దీనినే సాక్ష్యమునకు పిలుచుచున్నారు. తలచుట్టు కొలువబడిన అయస్కాంతబలము భూమి బలములో కొన్ని కోట్ల వంతులలో నొకటి. బెజవాడలో ఎమ్మారై యంత్రమున పండుకొనిన రోగిపై భూబలమునకు ముప్పదివేల రెట్లు మించిన బలము పనిచేయును. ఐనను అతడు లోపలినుండియే అడిగినదానికి బదులు చెప్పును. మంచము త్రిప్పినందున కీడు లేదు. త్రిప్పి, వైద్యుని పిలుచుట మానుటయే కీడు.

అసలు ప్రశ్న నవ్వదగినది కాదు. మెదడులోని కణములు విద్యుత్సంకేతములతో పనిచేయును. వానివలన పుట్టిన క్షేత్రము మరల ఆ కణములను కదల్చునా? లేక బియ్యపుమర చప్పుడువంటిదా? చప్పుడు వడ్లను దంపదు గదా. క్షేత్రమే తెలివికి ఆశ్రయమని ఇంగ్లండులో మెక్‌ఫాడెన్ 2002లో వాదించెను. అంతకు చాల మునుపే, 1955లో, అమెరికాలో స్పెరీ ఆ క్షేత్రమును చెదరగొట్టుటకై పిల్లుల మెదడులో లోహపు తీగెలను, అభ్రకపు రేకులను గ్రుచ్చి చూచెను. అవి ఆకారములను ఇంచుమించు మునుపటివలెనే గుర్తించినవి. 2011లో ఎలుకల మెదడు ముక్కలపై జరిగిన పరీక్షలలో, మిక్కిలి బలహీనమగు క్షేత్రము సయితము కణముల తాళమును మార్చునని తేలినది. కాబట్టి చప్పుడు వట్టి చప్పుడు కాదు. కాని దానివలననే తెలివి కలుగునని ఎవరును చూపలేదు. వాదమింతవఱకే వచ్చినది, మనవారు అప్పుడే ఆత్మకు పట్టాభిషేకము చేసిరి!

మెదడు విద్యుత్తు మన యిండ్లకు నిజముగా అక్కఱకు వచ్చిన చోటు వేఱొకటి కలదు. 1924లో జర్మనీయందు బెర్గరు దానిని మనుష్యునినుండి తొలిసారి గీతలుగా వ్రాయించెను. మూర్ఛ దయ్యము కాదనియు, ఆ విద్యుత్తు అదుపు తప్పుటయే యనియు అట్టి గీతలే కంటికి చూపినవి. ఐనను హిందూ వివాహ చట్టములో మూర్ఛను పెండ్లికి అడ్డుగా చెప్పిన మాట 1999లో గాని తొలగలేదు. చూపులకు వచ్చినవారికి కనబడకుండ కూతురి మాత్రలు దాచు తల్లులు నేటికిని ఉన్నారు. క్షేత్రమును గూర్చి గంటలకొలది చెప్పు పండితులు ఒక్కనాడైనను ఆ పందిటనే ఈ సంగతి చెప్పుదురా యని మేమడుగుచున్నాము.