ఇరవై నిమిషాల పడవ

వియత్నాం వెళ్లొచ్చిన తెలుగువాళ్ల ఫోన్లలో ఒక ఫొటో తప్పకుండా కనిపిస్తుంది. పొద్దుగూకే వేళ రంగురంగుల లాంతర్లు కట్టిన చెక్కపడవ, అందులో మొగుడూ పెళ్లాం, వాళ్ల చేతిలో కొవ్వొత్తి వెలుగుతున్న కాగితం దొన్నె. ఊరు హోయ్ ఆన్. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు మొదలయ్యాక ఈ ఫొటోలు మరీ ఎక్కువయ్యాయి. పెళ్లిరోజుకి గోవా వెళ్లేవాళ్లు ఇప్పుడు హోయ్ ఆన్ అంటున్నారు.

ఇంతకీ ఆ షికారు ఎంతసేపంటే, ఇరవై నిమిషాలు. ముగ్గురి దాకా ఎక్కితే పడవకి లక్షా యాభై వేల డాంగ్‌లు, నలుగురైదుగురైతే రెండు లక్షలు. వింటే గుండె ఝల్లుమంటుంది గానీ మన డబ్బుల్లో ఐదొందలు, ఆరేడు వందలు. లైఫ్ జాకెట్ తగిలించుకుని కూర్చుంటే, నడివయసు దాటిన ఏ అమ్మో, తాతో తెడ్డు వేస్తూ పాత బజారు పక్కనుంచి తీసుకెళ్తారు. వంతెన కింద దూరేటప్పుడు తల వంచమని సైగ చేస్తారు. నది మధ్యకి వచ్చాక పొడవాటి కర్ర చేతికిస్తారు. కాగితం దీపాన్ని ఆ కర్ర కొసన పెట్టి మెల్లగా నీళ్ల మీదకి దించాలి. వంగి చేత్తో వదలబోయి పడవని ఒరగబెట్టే ప్రమాదం లేకుండా ఎవరో ఆలోచించి పెట్టిన ఏర్పాటు అది. దీపం కదిలి వెళ్లాక పడవ వెనక్కి తిరుగుతుంది. అంతే, అయిపోయింది.

అంత చిన్న షికారు కోసం జనం సముద్రాలు దాటి వెళ్తున్నారు. కృష్ణా, గోదావరి, వంశధార, నాగావళి, శారద, వరాహ, తాండవ అంటూ ఇన్ని నదులున్న మన రాష్ట్రంలో, సాయంత్రం ఆరింటికి రేవులోకి దిగి, బోర్డు మీద ఉన్న రేటు కట్టి, అరగంట పడవెక్కి ఇంటికి పోయే వీలున్న ఊళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టాలి. హోయ్ ఆన్‌ని చూసి మన పర్యాటక శాఖ లాంతర్లు కాపీ కొట్టక్కర్లేదు. ఆ ఇరవై నిమిషాలని కాపీ కొడితే చాలు.

హోయ్ ఆన్ ఒకప్పటి రేవుపట్నం. థు బోన్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, పదిహేనో శతాబ్దం నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా జపాన్, చైనా, యూరప్ వర్తకులు దిగిన ఊరు. జపాన్ వర్తకులు 1593లో మొదలుపెట్టారని చెప్పే కప్పువంతెన బొమ్మ ఇప్పటికీ వాళ్ల ఇరవై వేల డాంగ్ నోటు మీద ఉంది. నది పూడిపోయి పెద్ద ఓడలు రాలేకపోయాయి. వ్యాపారం పక్కనున్న దా నాంగ్‌కి తరలిపోయింది. ఊరు పేదదైపోయింది, అందుకే పాత ఇళ్లు పడగొట్టి మేడలు కట్టే స్తోమత ఎవరికీ లేకపోయింది. 1999లో యునెస్కో వచ్చి వారసత్వ సంపద అని ముద్ర వేసింది, ఆ పేదరికం పుణ్యమా అనే. కోరంగి, మచిలీపట్నం రేవుల కథ తెలిసినవాళ్లకి ఇందులో మొదటి సగం కొత్త కాదు. రెండో సగమే మన దగ్గర జరగలేదు.

అదే నది మీద పైకి పోతే మీ సన్ శివాలయాలు. చంపా రాజులు నాలుగో శతాబ్దం నుంచి కట్టించిన ఇటుక గుళ్లు, సంస్కృత శాసనాలు. అమెరికా బాంబుల్లో చాలా భాగం కూలిన ఆ గుళ్లలో కొన్నింటిని ఇటీవలి ఏళ్లలో మన భారత పురావస్తు శాఖ వాళ్లే బాగుచేశారు. 2020లో ఆ పనుల్లోనే ఒకే రాతిలో తొలిచిన తొమ్మిదో శతాబ్దపు శివలింగం బయటపడింది. ఆ ప్రాంతాన్ని చంపా రోజుల్లో అమరావతి అనేవారు. లాంతరు పడవలో సెల్ఫీ దిగి వచ్చే తెలుగువాళ్లలో ఎంతమంది అక్కడిదాకా వెళ్తున్నారో గానీ, వెళ్లాల్సిన చోటే.

మన దగ్గర పడవ షికారంటే లాంచీ. దీనికి సినిమాలు కొంత కారణం. 1973లో బాపు 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి', రెండింటిలోనూ కథంతా గోదావరి మీద భద్రాచలం వైపు సాగే ప్రయాణమే. ఆ రెండు సినిమాలూ చూసి పెరిగిన జనానికి నది అంటే డెక్కు మీద పాట, మధ్యాహ్నం భోజనం, పాపికొండల ముందు గ్రూపు ఫొటో. పర్యాటక శాఖ ఊహ కూడా అక్కడే ఆగింది. ఎప్పుడు నది గురించి మాట్లాడినా క్రూయిజ్, హౌస్‌బోట్, తేలే రెస్టారెంట్. ఎంత పెద్ద బోటైతే అంత అభివృద్ధి అన్న లెక్క.

ఆ పెద్ద బోట్ల చరిత్ర చూస్తే చేదుగా ఉంటుంది. 2017 నవంబరు 12, కార్తీక మాసపు ఆదివారం. భవానీ ద్వీపం నుంచి పవిత్ర సంగమం దగ్గర హారతి చూడటానికి సాయంత్రం పూట బయల్దేరిన ప్రైవేటు బోటు ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర తిరగబడింది. చనిపోయినవాళ్లు ఇరవై మందికి పైనే, ఎక్కువమంది ఒంగోలు వాళ్లు. ఆ బోటుకి అనుమతి లేదు. 2018 మే నెలలో మంటూరు దగ్గర గోదావరిలో ఇంకో లాంచీ మునిగింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ. వరద ఐదు లక్షల క్యూసెక్కులు దాటి పరుగెడుతుంటే డెబ్బై మందికి పైగా జనాన్ని ఎక్కించుకుని పాపికొండలు బయల్దేరిన బోటు అది. బతికి బయటపడింది ఇరవై ఆరుగురు. వాళ్లని కాపాడింది కచ్చులూరు ఊరివాళ్లు. ఐదు వారాల తర్వాత బోటుని పైకి లాగింది కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం. నీళ్ల మధ్య పుట్టి పెరిగినవాళ్ల అనుభవం ఏ పాటిదో ఆ రెండు సంఘటనలూ చూపించాయి. కానీ ఆ తర్వాత వచ్చిన ప్రణాళికల్లో వాళ్లకి చోటు పెద్దగా దక్కలేదు. తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టాలన్న నిర్ణయం మంచిదే. అయినా అవి కూడా బయల్దేరే లాంచీలని అదుపు చేయడానికే.

ప్రమాదం జరగ్గానే అన్ని బోట్లూ ఆపేయడం, జనం మర్చిపోయాక మళ్లీ అదే డబుల్ డెక్కర్ బోటుకి రిబ్బన్ కత్తిరించడం. ఈ రెండింటి మధ్య ఇంకో దారి ఉంది. బోటు చిన్నది కావాలి, దూరం తక్కువ కావాలి, ఒడ్డు కనిపిస్తూ ఉండాలి. ఐదుగురు కూర్చున్న పడవలో ఎవరికి లైఫ్ జాకెట్ లేదో ఒడ్డు మీదున్న కానిస్టేబుల్‌కి కూడా కనిపిస్తుంది. డెబ్బై మంది ఎక్కిన బోటులో సరంగుకే కనిపించదు. పాట పెట్టగానే జనమంతా ఒకే పక్కకి వచ్చే డెక్కు చిన్న పడవలో ఉండదు. చిన్న పడవ మునగదని కాదు, మునుగుతుంది. కానీ ఒడ్డుకి యాభై గజాల దూరంలో, ఇంకో నాలుగు పడవలు పక్కనే తిరుగుతున్నప్పుడు మునిగితే మనుషులు దక్కుతారు.

దీనికి రాజమండ్రిని మించిన ఊరు లేదు. రాజరాజ నరేంద్రుడి పట్నం, కోటిలింగాల రేవు, పుష్కర రేవు, ధవళేశ్వరం బ్యారేజీ వల్ల వేసవిలో కూడా నిలిచి ఉండే నీరు. 1900 నుంచి రైళ్లు నడిచి 1997లో విశ్రాంతి తీసుకున్న హేవ్‌లాక్ వంతెన, దాని పక్కనే ఆర్చి వంతెన. సాయంత్రం నీళ్ల మీద నుంచి ఆ రెండు వంతెనల్నీ కలిపి చూస్తే థు బోన్ నది చిన్న కాలువలా అనిపిస్తుంది. 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశారు. వంద కోట్లకి కాస్త తక్కువ ఖర్చు, పాత వంతెనని పర్యాటక కేంద్రం చేయడం అందులో ముఖ్యం. 2027లో పుష్కరాలు కూడా ఉన్నాయి కాబట్టి రేవులకి డబ్బు వస్తుంది. ఆ డబ్బులో ఒక వంతు పెట్టి మెట్ల దగ్గర చిన్న పడవలు కట్టుకునే కొయ్యలు, టికెట్ కిటికీ, రేట్ల బోర్డు ఏర్పాటు చేయాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. పడవలకి మాత్రం అంతకు చాలా ముందే, వరద మొదలయ్యే జులైలోనే సెలవు ఇచ్చేయాలి. కార్తీకం నుంచి వేసవి దాకా నడిపితే చాలు.

అనకాపల్లి జిల్లావాళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు. అచ్యుతాపురం దగ్గర కొండకర్ల ఆవలో ఏనాటి నుంచో చిన్న పడవ షికారు ఉంది. రెండు తాటి దుంగల్ని దోనెల్లా తొలిచి, పక్కపక్కన కట్టి, మధ్యలో కూర్చోబెడతారు. మోకాళ్లు ముడుచుకునే కూర్చోవాలి, కాళ్లు చాపే చోటుండదు. దోనె వాడు నిలబడి గెడతో నేలని తన్నుతుంటే తామరాకులు రెండు పక్కలా ఒరుసుకుంటూ వెనక్కి పోతాయి. నీరు అరచేతి దూరంలోనే ఉంటుంది. కదిలితే ఊగుతుంది కాబట్టి ఎంతటి అల్లరి పిల్లలైనా బుద్ధిగా ఉంటారు. వలస పక్షుల కాలంలో విశాఖ నుంచి కార్లు వస్తాయి. ఇంజిన్ లేదు, చప్పుడు లేదు కాబట్టి పక్షులూ బెదరవు. దీన్ని పర్యాటకం అని పిలవడానికి అధికారులకి మొహమాటం కావచ్చు. హోయ్ ఆన్‌లో ఇదే పనిని లాంతరు తగిలించి ప్రపంచానికి అమ్ముతున్నారు.

ఇక అదే జిల్లాలోని గొలుగొండ. శీతాకాలం వస్తే లంబసింగి మంచు చూడటానికి నర్సీపట్నం మీదుగా బండ్లు బారులు తీరతాయి. గొలుగొండ మండలంలోనే కృష్ణదేవిపేట ఉంది, 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిన పోలీసు స్టేషన్ ఊరు, 1924 మే నుంచి ఆయన సమాధి ఉన్న ఊరు. వచ్చినవాళ్లు దండం పెట్టుకుంటారు, ఫొటో తీసుకుంటారు, బండెక్కేస్తారు. వాళ్లని ఒక పూట ఇక్కడ నిలపడానికి ఏముంది? పొరుగున నాతవరం మండలంలో తాండవ జలాశయం ఉంది. ఏజెన్సీ కొండల నుంచి దిగిన నీరు 380 అడుగుల పూర్తి మట్టానికి చేరినప్పుడు మూడు వైపులా కొండల నీడ నీళ్లలో పడుతుంది. యాభై వేల ఎకరాలకి పైగా ఆయకట్టు దాని మీదే బతుకుతోంది. చిన్న పడవల మీద, తెప్పల మీద చేపల వేటకి వెళ్లేవాళ్లకి ఆ నీటిలో ఏ మూల ఎంత లోతో, ఏ వేళ ఏ గాలి లేస్తుందో అరచేతిలో గీతల్లా తెలుసు. వేట తెల్లవారుజామున. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా పడవలు ఒడ్డునే ఉంటాయి.

చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది. హోయ్ ఆన్ స్వర్గం కాదు. పౌర్ణమి ముందు రాత్రుల్లో నది మీద పడవలు ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సుల్లా ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలుస్తాయి. వదిలిన కాగితం దీపాలు తెల్లారేసరికి చెత్త, వాటిని ఏరడం ఇంకొకరి పని. దీపాల సరదా మన రేవులకి రాకపోతేనే మంచిది, కార్తీక మాసపు అరటి దొప్పలు మనకి చాలు, అవి నీటిలో కుళ్లిపోతాయి. పైగా ఆ ఊరికీ నీటి గండాలున్నాయి. 2022 ఫిబ్రవరిలో చామ్ దీవుల నుంచి హోయ్ ఆన్ తీరానికి వస్తున్న స్పీడ్‌బోటు తిరగబడి పదిహేడు మంది చనిపోయారు. ముప్ఫై తొమ్మిది మంది ఎక్కిన, ఇంజిన్ ఉన్న, సముద్రం మీద వెళ్లే బోటు. ఊరి మధ్య నదిలో తెడ్డు పడవల సంగతి వేరు.

మన దగ్గర ఇలాంటి చిన్న పడవ షికారుకి చట్టం అడ్డం అని ఎవరైనా అంటే పొరపాటు. 1917 నాటి పాత చట్టం స్థానంలో కేంద్రం తెచ్చిన అంతర్గత జలనౌకల చట్టం, 2021, ఇంజిన్ లేని పడవల నమోదుని స్థానిక సంస్థలకి అప్పగించే వీలు రాష్ట్రానికి ఇచ్చింది. అంటే పంచాయతీ దగ్గరే ఒక పుస్తకం పెట్టి, పడవకి నంబరు వేసి, ఎంతమంది ఎక్కాలో పక్కకే రంగుతో రాయించవచ్చు. తాండవ నీరు జలవనరుల శాఖది, వేట హక్కు మత్స్యశాఖ చూసుకుంటుంది, పడవ ఎక్కే మనిషి పర్యాటక శాఖ లెక్కలోకి వస్తాడు. ఈ మూడు కార్యాలయాలూ కలిసి ఒక్క సంతకం పెట్టాలి: ఐదుగురికి మించకూడదు, గట్టు నుంచి ఇంత దూరం దాటకూడదు, చీకటి పడ్డాక వద్దు, గేట్లు ఎత్తిన రోజున అసలే వద్దు. పదికోట్ల క్రూయిజ్‌కి పెట్టే ఫైలు తిరగడానికి పట్టే కాలంలో పదో వంతు చాలు దీనికి. ఈ కార్తీకానికి కాకపోతే వచ్చే సంక్రాంతి సెలవులకైనా లంబసింగి బండ్లలో కొన్నింటిని తాండవ గట్టు వైపు తిప్పవచ్చు.