తొలి డ్యూటీకి ముందు: తెలంగాణ వైద్యారోగ్య శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్యారోగ్య శాఖకు,

నర్సింగ్ చదువు ముగిసిన రోజుకూ ఆసుపత్రిలో తొలి డ్యూటీకి ఎక్కే రోజుకూ మధ్య ఎవరి బాధ్యతా కాని కాలం ఒకటి ఉంది. కాలేజీ లెక్కలో విద్యార్థిని పాసై వెళ్లిపోయింది. ఆసుపత్రి లెక్కలో ఇంకా చేరలేదు. నర్సింగ్ కౌన్సిల్ దగ్గర దరఖాస్తు పెండింగులో ఉంది. మూడేళ్ల జీఎన్‌ఎంకో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కో అప్పు చేసి చదివించిన ఇంట్లో మాత్రం వడ్డీ ఆగదు. రాష్ట్రంలో కొత్తగా ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలు వచ్చాయి, సీట్లు పెరిగాయి. చివరి పరీక్షతోనే శాఖ పని అయిపోయినట్టు, ఆ తర్వాతదంతా చదువుకున్నవారి అదృష్టానికి వదిలేయడం సరికాదు.

రిజిస్ట్రేషన్ లేనిదే నర్సుగా పనిచేయడానికి వీల్లేదు. ఫలితాలు వచ్చాక ప్రొవిజనల్, మార్కుల మెమోలు, కోర్సు పూర్తిచేసినట్టు కాలేజీ ఇచ్చే పత్రం పట్టుకుని రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేయాలి. రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ నంబరు చేతికి వస్తేనే ఏ ఇంటర్వ్యూలోనైనా మాట నిలుస్తుంది. బెంగళూరులో చదివి సొంతూరికి తిరిగొచ్చినవారికి ఇంకో మెట్టు ఎక్కువ: ముందు కర్ణాటక కౌన్సిల్‌లో నమోదై, అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని ఇక్కడ మళ్లీ నమోదు కావాలి. ఈ ఏర్పాటు అవసరమైనదే. రోగి చేతిలో సూది గుచ్చేవారు ఎవరో, ఎక్కడ చదివారో ప్రభుత్వానికి తెలిసి ఉండాలి. చిక్కు ఆ కాగితాలు చేతికొచ్చే తీరులో ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కాలేజీలు ఒరిజినల్స్ ఆపుకుంటాయి. ఒరిజినల్స్ లేక రిజిస్ట్రేషన్ ఆగుతుంది, రిజిస్ట్రేషన్ లేక ఉద్యోగం ఆగుతుంది. ప్రభుత్వం కట్టాల్సిన డబ్బుకు కూలివాళ్ల పిల్లను తాకట్టు పెట్టినట్టే ఇది. ఇందులో కాలేజీ తప్పు సగం, ప్రభుత్వం తప్పు సగం. విద్యార్థి తప్పు రవ్వంత కూడా లేదు. ఈ సందులోనే కొన్ని నర్సింగ్ హోమ్‌లు రిజిస్ట్రేషన్ రానివాళ్లను ట్రైనీ అన్న పేరుతో పెట్టుకుని, నర్సు పనంతా చేయించుకుని, చేతిఖర్చులకు సరిపోయేంత ఇస్తాయి.

కాగితాలన్నీ ఉన్నా తర్వాతి గడప అనుభవం. వాక్-ఇన్ ఇంటర్వ్యూ రోజు పెద్ద ఆసుపత్రి హెచ్‌ఆర్ గది బయట కూర్చున్నవారిని చూస్తే సంగతి తెలిసిపోతుంది. అందరి ఒళ్లోనూ ప్లాస్టిక్ ఫైలు. అందులో టెన్త్ మెమో, ఇంటర్ మెమో, మార్కుల లిస్టులు, ప్రొవిజనల్, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఆధార్, నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు వరసగా ఉంటాయి. బయోడేటాలో అన్ని గళ్లూ నిండి, అనుభవం అన్న గడి ఒక్కటే ఖాళీగా ఉంటుంది. లోపల అడిగేవి కష్టమైన ప్రశ్నలేం కావు. 500 మి.లీ. సెలైన్ 8 గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి ఎన్ని చుక్కలు? మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్ అయితే 21. పసిపిల్లలకు ఏ కాన్యులా? 24 నంబరు, పసుపు రంగుది. గుండె ఆగినవారికి ఛాతీ ఎంత వేగంతో నొక్కాలి? నిమిషానికి 100 నుంచి 120 సార్లు. శ్రద్ధగా చదివినవారు వీటికి తడుముకోకుండా జవాబు చెబుతారు. అప్పుడు చివరి ప్రశ్న వస్తుంది: "ఐసీయూలో చేశావా? ఎన్ని బెడ్ల ఆసుపత్రి?" దానికి జవాబు ఉండదు. ఫోన్ చేస్తామంటారు.

అనుభవం ఉన్నవారినే తీసుకోవాలనుకోవడం ఆసుపత్రి వైపు నుంచి అర్థం లేని కోరికేమీ కాదు. ఒక బెడ్ చుట్టూ పదిమంది విద్యార్థులు నిలబడి చూసే క్లినికల్ పోస్టింగులో, సొంత చేత్తో కాన్యులా పెట్టే అవకాశం కొద్దిమందికే వస్తుంది. వెంటిలేటర్‌ను దూరం నుంచి చూసి, ఇన్‌ఫ్యూజన్ పంప్ ముట్టుకోకుండానే పట్టా పొందినవారు ఉన్నారు. చదువులో మిగిలిపోయిన ఈ వెలితిని ఎవరు పూడ్చాలన్నదే అసలు ప్రశ్న. ఇవాళ దాన్ని పూడుస్తున్నది రోగి. ఏ నేర్పరీ పక్కన లేకుండా కొత్త నర్సు మొదటిసారి చేసే ప్రతి పనీ ఒక రోగి ఒంటిమీదే జరుగుతుంది.

పొటాషియం క్లోరైడ్ సంగతి చూడండి. 10 మి.లీ. ఆంప్యూల్, లోపల మంచినీళ్లలా తేటగా ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ పక్కన పెడితే తేడా చెప్పేది లేబుల్ ఒక్కటే. సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాల్సిన ఈ మందును నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోవచ్చు. నర్సింగ్ చదివిన ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నారు. ఇప్పుడు రాత్రి రెండు గంటలప్పుడు ముప్పై బెడ్ల వార్డు ఊహించుకోవాలి. ఆరో బెడ్ పెద్దాయనకు ఆయాసం ఎక్కువైంది. పదకొండో బెడ్‌లో సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం వెనక్కి వస్తోంది. క్యాజువాలిటీ నుంచి కొత్త అడ్మిషన్ ట్రాలీ మీద వచ్చి గుమ్మంలో ఆగింది. రోగి బంధువు ఒకాయన "సిస్టర్, సిస్టర్" అంటూ వెంటే తిరుగుతున్నాడు. ఆ గడబిడలో ఆంప్యూల్ విరిచేముందు లేబుల్ రెండోసారి చదివే అలవాటు పుస్తకంలోంచి రాదు. పక్కన సీనియర్ సిస్టర్ నిలబడి మందు పేరు పైకి చదివించి, "ఎంతలో డైల్యూట్ చేశావు? ఎన్ని గంటల్లో ఎక్కిస్తావు?" అని పది రాత్రులు అడిగితే వస్తుంది. పదకొండో రాత్రి ఎవరూ అడక్కపోయినా చెయ్యి దానంతటదే ఆగుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విషయం కాదు. చదువులో నేర్పిన నర్సింగ్‌కూ వార్డులో ఎదురయ్యే నర్సింగ్‌కూ మధ్య తేడా చూసి కొత్తవారు ఎలా కుంగిపోతారో, చివరికి వృత్తినే ఎందుకు వదిలేస్తారో అమెరికాలో మార్లీన్ క్రేమర్ 1974లోనే పుస్తకంగా రాశారు. ఆ తర్వాత పదేళ్లకు, 1984లో, పట్రీషియా బెనర్ కొత్త నర్సు నిపుణురాలిగా మారే దశలను విడమరిచి చూపారు. ఆ పేర్లు మన ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థులు పరీక్షల కోసం చదువుతూనే ఉన్నారు. వార్డు డ్యూటీ లిస్టు వేసే చోటికి ఆ చదువు చేరలేదు. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలి. సెలవుల్లో ఉండేవారి కోసం అదనంగా 30 శాతం సిబ్బందిని లెక్కలోకి తీసుకోవాలి. ఈ ప్రమాణం పాటించని చోట సీనియర్‌కు తన పనే తెమలదు, పక్కవారికి నేర్పే తీరిక ఎక్కడిది? అందుకే చేరిన వారంలోనే కొత్తవారిని ఒంటరిగా నైట్ డ్యూటీలో వేస్తారు.

జీతం దగ్గరికి వస్తే, చేయాల్సిన పని ఇప్పటికే కాగితం మీద ఉంది. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేసిన కేసులో 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో కేంద్రం ఒక నిపుణుల కమిటీని వేసింది. 200 బెడ్లు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుకు ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. 100 నుంచి 200 బెడ్లున్నచోట 10 శాతానికి మించి, 50 నుంచి 100 ఉన్నచోట 25 శాతానికి మించి తగ్గించకూడదంది. 50 బెడ్ల లోపు నర్సింగ్ హోమ్ అయినా నెలకు 20 వేల రూపాయలకు తక్కువ ఇవ్వరాదంది. తెలంగాణ ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ వేతన స్కేలు 36,750 రూపాయలతో మొదలవుతుంది. ఆ మూలవేతనం ఒక్కటే లెక్కలోకి తీసుకున్నా, 60 బెడ్ల ఆసుపత్రి కూడా 27,500 పైన ఇవ్వాలి. హైదరాబాద్‌లో ఫ్రెషర్‌కు ఎంత ఇస్తున్నారో శాఖకు తెలియనిది కాదు. చాలాచోట్ల అది అట్టడుగున పెట్టిన ఆ 20 వేలను కూడా అందుకోదు. అందులోంచే హాస్టల్‌కూ మెస్‌కూ కోత పడుతుంది. కేరళలో నర్సులు ఏళ్ల తరబడి పోరాడాక, 2018 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం 20 వేల కనీస వేతనాన్ని నోటిఫై చేసింది. తెలంగాణలో కూడా వీధికెక్కేదాకా ఆగాల్సిన అవసరం లేదు.

జీతం కన్నా ఎక్కువగా కుంగదీసేది బాండు. ఏడాదో రెండేళ్లో పనిచేస్తామని రాయించుకుని, పూచీగా ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే ఆసుపత్రులు ఇంకా ఉన్నాయి. మధ్యలో మంచి అవకాశం వచ్చినా, ఇంట్లో కష్టం వచ్చినా, డబ్బు కడితేనే కాగితాలు తిరిగొస్తాయి. పరిశీలించి ఆ రోజే తిరిగిచ్చేయాల్సిన సర్టిఫికెట్లను తాళం వేసి ఉంచుకునే హక్కు ఏ యజమానికీ ఉండకూడదు. ఆసుపత్రి రిజిస్ట్రేషన్లు చూసే జిల్లా వైద్యారోగ్యాధికారి తనిఖీకి వెళ్లినప్పుడు ఫైర్ ఎన్‌వోసీ అడిగినట్టే ఆ బీరువా సంగతి కూడా అడిగితే, ఈ అలవాటు మానిపించడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఇక ప్రభుత్వ ఉద్యోగం. ఇందులో శాఖ చేసిన మంచిని మంచిగానే చెప్పాలి. 2022 డిసెంబరు నోటిఫికేషన్‌లో 5,204గా ఉన్న పోస్టులు తర్వాత 7,094కు పెరిగాయి. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో దాదాపు ఏడు వేలమంది నియామక పత్రాలు అందుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో మరో 2,050 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. కానీ 2022కు ముందటి పెద్ద నోటిఫికేషన్ 2017 నాటిది. ఆ ఐదేళ్లలో చదువు ముగించుకున్న బ్యాచ్‌లు ఎదురుచూపుల్లోనే వయసు పోగొట్టుకున్నాయి. ఎంపికలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 మార్కులు రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు. ఆరు నెలల సేవకు గిరిజన ప్రాంతంలో రెండున్నర, మిగతాచోట్ల రెండు మార్కుల లెక్క. కొవిడ్ వార్డుల్లో చాలీచాలని జీతానికి పనిచేసినవారికి ఆ మార్కులు న్యాయమైనవే, వాటిని తీసేయమనడం తగదు. అయితే ఆ కాంట్రాక్టు ఉద్యోగం కూడా దొరకని ఫ్రెషర్, ప్రైవేటు ఐసీయూలో మూడేళ్లు చేసి వచ్చినా సరే, 20 మార్కుల దాకా వెనకబడే పరీక్ష హాల్లోకి అడుగుపెడుతుంది. పరీక్ష ఏటా ఒకే నెలలో జరుగుతుందని తెలిస్తే ఆ తేడాను చదివి పూడ్చుకోవచ్చు. ఎప్పుడొస్తుందో తెలియని పరీక్షకు అలా సిద్ధం కావడం ఎవరివల్లా కాదు.

అనుభవం లెక్కించే తీరు దూరాలకు కూడా పాకుతుంది. బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్‌లతో సహా దేశంలోని ఎయిమ్స్‌లకు నర్సింగ్ ఆఫీసర్లను ఎంపిక చేసే నార్సెట్‌కు బీఎస్సీ చదివినవారు అనుభవం లేకున్నా కూర్చోవచ్చు. జీఎన్‌ఎం వారికి మాత్రం 50 బెడ్లకు తగ్గని ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఇరవై బెడ్ల నర్సింగ్ హోమ్‌లో పడిన కష్టం అక్కడ లెక్కకు రాదు. గల్ఫ్ దేశాలకు వెళ్లేవారి సర్టిఫికెట్లనూ సర్వీసునూ డేటాఫ్లో సంస్థ నేరుగా కాలేజీకీ ఆసుపత్రికీ రాసి నిర్ధారించుకుంటుంది. జీతం చేతికిచ్చి, హాజరుపట్టీలో పేరెక్కించకుండా, పీఎఫ్ కట్టకుండా పనిచేయించుకున్న ఆసుపత్రి ఆ ఉత్తరానికి జవాబివ్వదు. అలా రెండేళ్ల బతుకు కాగితం మీద లేకుండా పోతుంది. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీకీ జపాన్‌కూ నర్సులను పంపడానికి భాష నేర్పిస్తోంది. సంతోషమే. ఆ పని చేయగల ప్రభుత్వానికి, కరీంనగర్‌లో పాసైన నర్సుకు కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆరు నెలలు పని నేర్పించడం కష్టం కాకూడదు.

శాఖను కోరుతున్నది అదే. పాసైన ప్రతి నర్సుకూ, అడిగిన పక్షంలో, ప్రభుత్వ బోధనాసుపత్రిలోనో జిల్లా ఆసుపత్రిలోనో ఆరు నెలల వేతన శిక్షణ ఇవ్వాలి. మొదటి నెల వారిని డ్యూటీ లిస్టు సంఖ్యలో కలపకుండా ఒక సీనియర్ సిస్టర్‌కు జతచేయాలి. ఆ సీనియర్‌కు నేర్పినందుకు భత్యం ఇవ్వాలి. మూడు నెలలు నిండేదాకా ఎవరినీ ఒంటరిగా నైట్ డ్యూటీలో వేయకూడదు. చివర ఇచ్చే పత్రాన్ని రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రులన్నీ అనుభవంగా ఒప్పుకోవాలి. నర్సింగ్ విద్యార్థుల రీయింబర్స్‌మెంట్ బకాయిలు ముందు తీర్చాలి. 2016 సిఫారసులకు జీవో రూపం ఇవ్వాలి. వచ్చే బ్యాచ్ ఫలితాలు వెలువడేలోగా వీటిలో మొదటిదాన్నైనా మొదలుపెట్టాలని, ఆసుపత్రి హెచ్‌ఆర్ గది బయట ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవారి తరఫున, వారి చేతికి రేపు చెయ్యి చాపబోయే రోగుల తరఫున ఈ విన్నపం.