రంజాన్ నెలలో జనగణన: చిత్తూరు, తిరుపతి ముస్లిం కుటుంబాల లెక్క ఎక్కడ తప్పుతుంది?

2027 ఫిబ్రవరిలో దాదాపు దేశమంతా జనం లెక్క. అదే ఫిబ్రవరిలో రంజాన్. నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ అయినా, 8 లేదా 9వ తేదీన రోజాలు మొదలవుతాయి. జనగణనకు ప్రామాణికంగా పెట్టుకున్న ఘడియ మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలు. అంటే చివరి అషరా మొదలయ్యే సమయం. కొందరు ఏతికాఫ్‌కు మస్జిద్‌లో కూర్చుని ఉంటారు, తరావీహ్ ముగించుకుని ఇంటికి వచ్చినవాళ్లు సహరీకి అలారం పెట్టుకుని పడుకుని ఉంటారు.

ఇది చిన్న విషయమేమీ కాదు. 2011 తర్వాత 2021లో జరగాల్సిన లెక్క కరోనాతో ఆగిపోయింది. 2025 జూన్ 16న కేంద్రం కొత్త నోటిఫికేషన్ ఇచ్చింది. మొదటి దశ ఇళ్ల లెక్క, 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మధ్య ఒక్కో రాష్ట్రంలో 30 రోజులు. రెండో దశలోనే మనిషి మనిషినీ రాసుకుంటారు. మతం, భాష, ఈసారి కులం కూడా అందులోనే. మొదటిసారిగా కాగితం బదులు మొబైల్ యాప్‌లో నమోదు. కావాలంటే కుటుంబమే ఆన్‌లైన్‌లో ముందుగా నింపుకోవచ్చు.

అయితే ఇంట్లో ఎవరిని రాయించాలి? రంజాన్‌లో ఇదే తికమక. 2011లో పాటించిన పద్ధతి ఇది: మామూలుగా ఆ ఇంట్లో ఉండేవాళ్లు లెక్క జరిగే రోజుల్లో ఎప్పుడైనా అక్కడ ఉంటే ఆ ఇంట్లోనే లెక్క. ఆ రోజులన్నీ బయటే ఉన్నవాళ్లు దేశంలో ఎక్కడ ఉంటే అక్కడ లెక్క. ఏతికాఫ్‌లో కూర్చున్న పెద్దాయన పది రోజులు ఇంట్లో లేకపోయినా ఆయన ఇంటి మనిషే, వదిలేయకూడదు. మదర్సా హాస్టల్ పిల్లల సంగతి ఇంకొంచెం చిక్కు. మామూలు రోజుల్లో హాస్టల్‌లో చదివే పిల్లాడు ఆ హాస్టల్ లెక్కలో వస్తాడు. కానీ రంజాన్‌లో మదర్సాలకు సెలవులు. పిల్లాడు నెలంతా ఇంట్లోనే ఉంటాడు. ఇంట్లోవాళ్లు ‘వాడు మదర్సాలో రాయించుకుంటాడులే’ అనుకుంటారు, అక్కడ తాళం వేసి ఉంటుంది. రెండు చోట్లా లేకుండా పోయే పిల్లలు ఇలాంటివాళ్లే.

కువైట్, సౌదీ వెళ్లినవాళ్లది వేరే లెక్క. మదనపల్లె, పీలేరు, రాయచోటి వైపు గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లు ఎన్నో. అక్కడ ఉన్న కొడుకు ఈ లెక్కలో రాడు. ఇంటి పెద్ద ఆయనే అయినా సరే, రాసేది ఇక్కడున్న భార్యనో తల్లినో ఇంటి పెద్దగా పెట్టి. ‘మా వాడిని తీసేశారు’ అని గొడవ పడాల్సిన పనిలేదు. బెంగళూరులో, చెన్నైలో కాపురం పెట్టినవాళ్లను అక్కడే రాస్తారు. వాళ్లను ఇక్కడ కూడా చెబితే ఒకే మనిషి రెండుసార్లు వస్తాడు.

ఇప్పుడు జిల్లా సంగతి. 2011లో ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా 41.74 లక్షలు. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా ముక్కలైంది. మదనపల్లె వైపు అన్నమయ్య జిల్లాలోకి పోయింది. నెల్లూరు నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతిలో కలిశాయి. పాత అంకెలను కొత్త గీతలకు తగ్గట్టు కోసి అతికిస్తే తిరుపతి జిల్లాకు దాదాపు 22 లక్షలు, కొత్త చిత్తూరుకు 18.7 లక్షలు వచ్చాయి. 2025 డిసెంబర్ చివర్లో మళ్లీ గీతలు కదిలి, అన్నమయ్య జిల్లా కేంద్రం రాయచోటి నుంచి మదనపల్లెకు మారింది. ఆ నెల 31 తర్వాత సరిహద్దులు మార్చవద్దని జనగణన అధికారులు రాష్ట్రాలకు ముందే చెప్పారు. ఆఖరి వారంలో జరిగిన హడావిడికి అదీ ఒక కారణం.

ఈ జిల్లాకు ఇది కొత్త కాదు. 1911 మార్చి 10 రాత్రి బ్రిటిష్ ప్రభుత్వం జనం లెక్క తీసింది. దాదాపు మూడు వారాలకు, ఏప్రిల్ 1న, ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలను, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడులను కలిపి చిత్తూరు జిల్లా చేశారు. లెక్కించిన రాత్రి ఆ జిల్లా లేనే లేదు. ఒక పట్టణం అంకె కూడా గీతను బట్టే మారుతుంది. 2011లో తిరుపతి అంటే ఊరి హద్దుల్లో 2.87 లక్షలు, చుట్టుపక్కల కలిసిపోయిన ప్రాంతంతో చూస్తే 4.6 లక్షలు. ‘తిరుపతిలో ముస్లింలు ఇంత శాతం’ అని వాట్సాప్‌లో ఎవరైనా పంపితే, ఏ తిరుపతి, ఏ సంవత్సరం అని ముందు అడగాలి.

ఇంతకీ చాలా ఇళ్లలో భయం వేరే. 2020లో ఎన్‌పీఆర్, ఎన్‌ఆర్‌సీ గొడవ నడిచినప్పుడు ఎవరు తలుపు తట్టినా ‘కాగితాలు చూపించం’ అన్న పరిస్థితి. అప్పట్లో రాష్ట్ర మంత్రివర్గమే ఎన్‌పీఆర్‌ను పక్కన పెట్టాలని మార్చిలో నిర్ణయించింది. ఆ భయానికి కారణాలు లేకపోలేదు. కానీ ఆ రెండూ ఒకటి కాదు. ఎన్‌పీఆర్ 1955 పౌరసత్వ చట్టం కింద 2003లో చేసిన నిబంధనలది. జనగణన 1948 సెన్సస్ చట్టానిది. ఆ చట్టం 15వ సెక్షన్ ప్రకారం జనగణనలో చెప్పిన వివరాలను ఎవరూ తనిఖీ చేయడానికి లేదు, కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి లేదు. వివరాలు బయటపెట్టిన ఉద్యోగికి శిక్ష ఉంది. జవాబు చెప్పనన్నవాళ్లకు జరిమానా కూడా ఉంది. జనగణనకు ఏ కాగితమూ చూపించనక్కర్లేదు, చెప్పిన మాటే రాసుకుంటారు. ఈ తేడాను ప్రభుత్వం గట్టిగా, ఉర్దూలోనూ తెలుగులోనూ చెప్పాల్సింది. చెప్పకపోతే జనం తలుపు వేసుకుంటారు, లెక్క తగ్గేది వాళ్లదే.

ఇక కులం. జనగణనలో కులం కలపాలని కేంద్రం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. రాష్ట్రంలో ముస్లింలకు ఇది నేరుగా తగిలే విషయం. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఈ కోటా 4 శాతాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. సర్వే శాస్త్రీయంగా లేదన్నది ఆ తీర్పులో ఒక ముఖ్యమైన మాట. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి కోటా నిలిచింది. అంటే కోర్టు ముందు నిలబడేది నినాదం కాదు, అంకె. తెలంగాణ ఆ పని చేసింది. 2024-25 సర్వేలో ముస్లింలు 12.56 శాతమని, అందులో బీసీ ముస్లింలే 10.08 శాతమని తేల్చింది.

మరి మన గడపల్లో ఏం చెబుతారు? ఇంటిపేరు షేక్ అని రాసుకునేవాళ్లు లెక్కలేనంతమంది. వాళ్లలో అత్తరు సాయిబులు, ఫకీర్లు, హజామ్‌లు, ఖురేషీలు, లబ్బీలు ఉన్నారు. కొందరు దూదేకులవాళ్లూ షేక్ అనే రాసుకుంటారు, కానీ దూదేకుల, నూర్‌బాషా, పింజారి, లద్దాఫ్ బీసీ-బీ జాబితాలో ఉన్నవి. ‘ముస్లింలమే, కులమేంది’ అని ఆపేస్తే ఆ కుటుంబం ఏ జాబితాలోనూ కనపడదు. ఒకే బిరాదరీని పది ఇళ్లు పది రకాలుగా చెప్పినా అంతే. 2011 సామాజిక ఆర్థిక సర్వేలో దేశం మొత్తం మీద 46 లక్షలకు పైగా కులం పేర్లు వచ్చిపడ్డాయి. 1931లో అవి 4,147. పేరు ఒకటే, రాత తేడా. ఆ కులాల లెక్క ఈ రోజుకీ బయటకు రాలేదు.

మాతృభాష గడిలోనూ ఇదే జరుగుతుంది. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుతూ, అడిగిన మాస్టారుకు మాత్రం తెలుగులో జవాబిస్తారు కాబట్టి ఆయన తెలుగు అని నొక్కేస్తాడు. మాతృభాష కాక తెలిసిన భాషలు ఇంకో రెండు చెప్పే వీలు 2011 ఫారంలోనే ఉంది. దూదేకుల ఇళ్లలో తెలుగే మాతృభాష, వాళ్లు అది చెప్పడమే సరి. మిగతావాళ్లు ఉర్దూ అని నోటితో చెప్పి, తెలుగు రెండో భాషగా రాయించుకోవచ్చు. రేపు ఉర్దూ మీడియం స్కూలుకు టీచర్ పోస్టు అడిగేటప్పుడు చూసేది ఇలాంటి అంకెలనే.

పగలు వచ్చినప్పుడు మగవాళ్లు లేకపోతే ఆడవాళ్లే చెప్పొచ్చు. భర్త పేరు నోటితో చెప్పడం తమలో ఆచారం కాదనుకునే ఆడవాళ్లను ఆ పేరు చెప్పమని బలవంతపెట్టకూడదని 1948 చట్టంలోనే రాసి ఉంది. 2011లో ఫిబ్రవరి 28 తర్వాత కూడా మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ తిరిగారు, ఆ మధ్యలో పుట్టినవాళ్లను, చనిపోయినవాళ్లను సరిచేసుకోవడానికి. ఈసారీ అలాగే తిరిగితే, అవి ఈద్‌కు వారం ముందు రోజులు.