మన పెరటి బండ

నేపాల్ చిన్న దేశమే అయినా దాని పర్వతాలను గురించి మన విద్యార్థులు పరీక్షలో రెండు పుటలు వ్రాయగలరు. కళాశాల వెనుక గోడ దగ్గరనున్న బండను గురించి రెండు వాక్యాలు వ్రాయమంటే మాత్రం కలం ఆగిపోతున్నది. ఆ బండను పగులగొట్టించి వాహనాలకు స్థలం చేయాలన్న ఆలోచన కమిటీ పెద్దలకు ఉన్నదని విని, ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

హిమాలయాలు ఈ బండ ముందు పసిపాపలు. భారత భూఖండం ఆసియాను ఢీకొనడం మొదలై సుమారు 5 కోట్ల సంవత్సరాలు. హైదరాబాదు గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల ఎంతో లోతున శిలాద్రవం మెల్లగా చల్లారి ఇది ఏర్పడినది. మెల్లగా చల్లారినందువల్లనే దీని పలుకులు కంటికి కనబడేంత పెద్దవి: గులాబివన్నెది ఫెల్‌స్పార్, గాజువలె మెరిసేది క్వార్ట్జ్, నల్లని రేకులు అభ్రకం. పైపొరలు యుగయుగాలుగా అరిగిపోగా ఇది బయటపడినది. ఇక గుండుపై గుండు పేర్చినది ఎవరు? ఎవరూ కాదు. శిలలోని అడ్డపు, నిలువు పగుళ్లలోనికి నీరు దిగి, మూలలను ముందుగా కొరికి మొరముగా మార్చినది. ఆ మొరము వానలకు కొట్టుకొనిపోగా నడిమి గుండ్లు మిగిలినవి. వరద దొర్లించి తెచ్చిందని నాతో వాదించే మిత్రులున్నారు. వారిని ఒక ఆదివారం మౌలాలి గుట్ట ఎక్కించవలెనని ఉన్నది.

రాయి కొట్టనే కూడదని నేననను. 1591 నాటి చార్మినారులోనూ ఈ రాయే ఉన్నది. అయితే గోలకొండ కట్టినవారు ఎన్నో గుండ్లను తొలగించక గోడలోనే కలుపుకొన్నారు. ఆ నేర్పు మనకు లేకపోయినది. 2018లో ఎల్.బి.నగర్ దాకా మెట్రో రైలు వచ్చినది. దిల్‌సుఖ్‌నగర్ దాటి అందులో పోతూ కిటికీలోంచి చూస్తే ఒక గుండు కోసం వెదుక్కోవలసి వస్తున్నది. నగరంలో రాళ్లను కాపాడుటకు 1996లోనే ఒక సంఘం ఏర్పడినది, కాని ప్రతి పెరటికీ వారు రాలేరు గదా!

నీటి మాట కూడా ఉన్నది. మన బోరులలోని నీరు పై మొరములోనిదీ, ఈ శిల పగుళ్లలోనిదీ. బండను ఉంచి, చుట్టూ సిమెంటు వేయక వదిలితే, దానిపై జారిన వాన ఆ మట్టిలోనే ఇంకుతుంది.

వాహనాలకు తూర్పు ప్రహరీ వైపు చదునైన స్థలం ఉన్నది. అడుగులతో కొలిచి చూచినాను. నలభై సైకిళ్లు, పదిహేను స్కూటర్లు నిలుస్తాయి.